మూడు రోజుల ముందు కబురు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే: "సార్, ఏం చదవమంటారు?" ఏదైనా చదవండి, మంచిదే. కానీ ముప్పై మూడేళ్లు నేను చేసిన పని పుస్తకాల్లో దొరకదు. సోలార్ దీపాలు, సోలార్ పంపులు, చివరి ఏళ్లలో ఇంట్లో వేడిని లాగి భూమిలోకి పంపే యంత్రాలు, ఇవన్నీ పెట్టేవాళ్లు వేరే. నా పని, పెట్టారా లేదా అని చూడటం. విప్పి చెప్పాలంటే, ఎదుటి మనిషి అబద్ధం చెబుతున్నాడని అనుకుని పొద్దున్నే బయల్దేరడం, నిజమే చెప్పాడని తేలితే సాయంత్రానికి కొంచెం చిన్నబోయి ఇంటికి రావడం.

మా ఆవిడ కూరగాయల బండి దగ్గరికి నన్ను తీసుకెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. టమాటాలు తిరగేసి చూసి ఊరుకోను, తక్కెడ పళ్లెం కిందికి వంగి చూస్తాను. ఖమ్మంలో మా వీధి బండివాడు నన్ను చూస్తే తనే పళ్లెం తిప్పి చూపిస్తాడు. రిటైరైనా ఆ బుద్ధి పోలేదు.

ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి. నన్ను ఈ బుద్ధిలోకి దించిన మనిషి గురించి, ఆ బుద్ధి నిలబెట్టిన ఒక కేసు గురించి, అదే బుద్ధితో నేను ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన ఇంకో కేసు గురించి రాస్తాను.

మొదటి పెద్దసారు

నేను చేరిన ఏడాది మా పైఅధికారి బీడీలు కాల్చే మనిషి. మాటలు తక్కువ, నడక ఎక్కువ. ఒకసారి టేకులపల్లి వైపు రెండు గూడేల్లో సోలార్ దీపాలు తనిఖీ చేయాలి. మొదటి గూడెంలో ఇరవై దీపాలు వెలిగాయి, ఇరవై పలకలు కప్పుల మీద మెరిశాయి. నేను రిజిస్టరులో టిక్కులు కొట్టుకుంటూ పోతుంటే ఆయన ఒక్కో పలక అంచున మేకుతో చిన్న గీత గీసుకుంటూ వచ్చాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. కాంట్రాక్టరు మనిషి మమ్మల్ని కూర్చోబెట్టి టీ అన్నాడు, ఉప్మా అన్నాడు, గంటన్నర కదలనివ్వలేదు.

రెండో గూడేనికి వెళ్తే అక్కడా ఇరవై పలకలు మెరుస్తున్నాయి. పెద్దసారు నిచ్చెన ఎక్కి ఒక పలక అంచు వేలితో తడిమి కిందికి దిగాడు.

"మనం ఉప్మా తినేలోపు ఇవి ట్రాక్టరెక్కి మనకంటే ముందే వచ్చినయ్ రా," అన్నాడు. "కాగితం మీద అన్నీ ఎలుగుతయ్. నువ్వు చెయ్యి పెట్టి చూడు."

ఆ రోజు నుంచి నేను తనిఖీ ఊళ్లో ఉప్మా తినలేదు. టీ కూడా ఫ్లాస్కులో పోయించుకుని వెళ్లేవాణ్ణి.

చండ్రుగొండ బురద

చాలా ఏళ్ల తర్వాత చండ్రుగొండ దగ్గర ఒక రైతు, పామాయిల్ తోట, వెంకట్రావు గారు అందాం. వాళ్ల తాతలు కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. సోలార్ పంపు నీళ్లు లాగట్లేదని, ఇంతకంటే పెద్దది ఇవ్వాలని అర్జీ పెట్టుకున్నారు.

"ఏం చెప్పమంటారండి, మొక్క మూతి కూడా తడవట్లేదండి," అని చేతులు నలిపారు.

నిజంగానే నీళ్లు బొటాబొటిగా పడుతున్నాయి. పలకల మీద సన్నటి మట్టి పొర. వాన పడి పదిహేను రోజులైంది. దుమ్ము పడితే పొడిగా ఉండాలి, వేలు పెడితే ఇది తడిగా అంటింది. నేను చేతిరుమాలు తీసి ఒక వరస తుడిచాను. పైపులోంచి నీళ్లు ఎగిరి వెంకట్రావు గారి పంచె తడిపాయి.

ఆయన పైపు వైపు చూసి నవ్వేశారు. "దొరికిపోయానండి. పదండి, కాఫీ తాగుదాం."

తాగలేదు. కానీ ఆ రోజు నేను చాలా పొంగిపోయాను. ఆఫీసులో నెల రోజులు చెప్పుకున్నాను. జనం బాగున్న మిషన్‌ని అధికారి వచ్చే ముందు తామే పాడు చేసి, ఇంకా పెద్దది రాబట్టుకుంటారు అని రూలు తయారు చేసుకున్నాను. ఒక్క రైతును చూసి రాసుకున్న రూలు అది. దాన్ని ఎక్కడికి వెళ్లినా జేబులో పెట్టుకుని వెళ్లాను.

భూమిలోకి వేడి

చివరి ఏళ్లలో వచ్చిన యంత్రాల గురించి రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లీషు పేరులో భూమి వేడి అనే అర్థం ఉంది కాబట్టి జనం ఏదేదో ఊహించుకుంటారు. అమ్మేవాళ్లు కూడా ఊహించుకోనిస్తారు. ఒక సేల్స్ మనిషి మా కాలనీలోకి వచ్చి, అడవిలో వేడి నీటి ఊటలు ఉన్నాయి కదా, ఆ వేడితోనే మీ ఇంటికి కరెంటు అని చెబుతుంటే నేను గేటు దగ్గర నిలబడి విన్నాను. పైపు ఎంత లోతు వేస్తావు నాయనా అని అడిగితే, కంపెనీ చూసుకుంటది అన్నాడు. లోతు చెప్పలేనివాడి దగ్గర ఈ యంత్రం కొనకండి.

అసలు సంగతి చాలా మామూలుది. మే నెలలో మన గాలి కాలిపోతున్నా, ఆరడుగుల కింద మట్టి చల్లగానే ఉంటుంది. మామూలు ఏసీ ఇంట్లో వేడిని తీసుకెళ్లి బయట మండే గాలిలోకి తోస్తుంది, అందుకే అంత రొప్పుతుంది. ఇది ఆ వేడిని నీళ్ల పైపుల ద్వారా చల్లటి మట్టిలోకి దింపుతుంది. తక్కువ కరెంటుతో పని అవుతుంది. నాలుగు సోలార్ పలకలు, బ్యాటరీలు ఉంటే ఒక చిన్న గది నడుస్తుంది. గాలివానకు చెట్టు విరిగి లైను మీద పడితే రెండు రోజులు కరెంటు రాని అడవి ఊళ్లకు అది చిన్న విషయం కాదు.

కానీ వేడిని తీసుకోవాల్సింది మట్టి. మట్టి తడిగా ఉంటే తీసుకుంటుంది, పొడిబారితే తీసుకోదు. ఈ వాక్యం నాకు నోటికొచ్చు. ట్రైనింగులో పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి.

జోగయ్య గది

టేకులపల్లి దాటి అడవిలోకి వెళ్తే ఒక కోయ గూడెం. పేరు రాయను. అక్కడ జోగయ్య అనే ముప్పై ఏళ్ల మనిషి తాటిచెట్టు మీంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్ను దెబ్బతింది. మాట ఉంది, నవ్వు ఉంది, మెడ కింద ఏదీ కదలదు. చూసుకునేది తల్లి ముత్తమ్మ ఒక్కతే.

కదలకపోవడం కంటే పెద్ద ఆపద ఇంకొకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. అలా దెబ్బ తగిలిన వాళ్లకు మెడ కింద చెమట పట్టదట. గది ఎంత వేడెక్కితే ఒళ్లూ అంత వేడెక్కుతుంది. దవాఖానా డాక్టరు ముత్తమ్మతో సూటిగానే చెప్పాడు: ఎండాకాలం చల్లటి గదిలో ఉంచితే బతుకుతాడు, లేకపోతే కష్టం. ఒక దాతల సంస్థ ముందుకొచ్చింది. ఇంటికి ఒక గది కట్టించి, ఈ యంత్రం పెట్టించింది. పని సరిగ్గా జరిగిందని సంతకం పెట్టాల్సింది నేను.

డ్రాయింగులో పైపు లోతు ఆరడుగులు. ఇంటి ముందు వాకిట్లో జేసీబీ నాలుగు అడుగులు తవ్వేసరికి బండ తగిలింది. కాంట్రాక్టరు సూపర్‌వైజరు తల గోక్కున్నాడు.

"బండ పగలగొట్టాలంటే పర్మిషన్ కావాలె సార్. ఫారెస్టోళ్లు ఇయ్యరు. ఎండలు ముంగటనే ఉన్నయ్."

నాలుగు అడుగులు అని రాస్తే ఆ కాగితం హైదరాబాద్ వెళ్లి రావాలి. వచ్చేసరికి ఎండాకాలం అయిపోతుంది. లోపల మంచం మీద జోగయ్య ఉన్నాడు. నేను కందకం ఇంకొంచెం పొడవు తవ్వించి, పైపు ఎక్కువ వేయించి, ఆరడుగులు అని సంతకం పెట్టాను. మంచి పనే చేశాననుకున్నాను. అందరి సంతకాలనూ అనుమానించినవాణ్ణి, నా సంతకం జోలికి మాత్రం పోలేదు.

మూడు తనిఖీలు

మొదటి ఎండాకాలం బ్రహ్మాండంగా గడిచింది. రెండో ఎండాకాలం నుంచి తనిఖీల ఫైలు మా ఆఫీసుకు వచ్చింది, అంటే నా చేతికి. మా ఆఫీసులో ఒక నియమం ఉంది: ఇంటివాళ్లకు మూడు రోజుల ముందు కబురు పెట్టి తనిఖీకి వెళ్లాలి. నాకు ఆ నియమం అంటే గిట్టదు, దొంగకు ముందే చెప్పి వెళ్లడం ఏమిటని. కానీ నియమం నియమమే. నా డ్రైవరు, టెక్నీషియను కూడా అయిన యాకూబ్ ముత్తమ్మకు ఫోన్ చేసి చెప్పేవాడు.

మార్చి చివర వెళ్లాం. గది వెచ్చగా ఉంది. మట్టిలోంచి తిరిగొచ్చే నీళ్లు చల్లగా రావాలి, వెచ్చగా వస్తున్నాయి. ముత్తమ్మ తల వంచుకుని నిలబడింది.

"ఏమో సారూ. మొన్నటిదాంక సల్లగనే ఉండె."

యంత్రం పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. నీళ్ల వేడిని గంట గంటకూ అదే రాసుకుంటుంది. ఆ లెక్క ఖమ్మం తీసుకొచ్చి చూశాను. నెలంతా నీళ్లు చల్లగానే వచ్చాయి. మేము వెళ్లడానికి మూడు రోజుల ముందు నుంచి వేడెక్కడం మొదలైంది.

ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లాం. మళ్లీ అదే. నెలంతా బాగుంది, యాకూబ్ ఫోన్ చేసిన రోజు నుంచి పాడైంది. నుదుటి మీద తడి గుడ్డతో ఉన్న జోగయ్య మంచం మీంచి నవ్వుతూ అన్నాడు: "మిషన్ మంచిదే సారూ. మిమ్ములను చూస్తేనే దానికి సిగ్గైతాంది."

నాకు నవ్వు రాలేదు. వెంకట్రావు గారి పలకల మీది బురద గుర్తొచ్చింది. మేము వస్తున్నామని తెలియగానే ఎవరో నీళ్ల పైపు వాల్వ్ సగం తిప్పేస్తున్నారు, పెద్ద యంత్రం కోసమో, రిపేరు కాంట్రాక్టు కోసమో. యాకూబ్ ఒప్పుకోలేదు.

"గా అవ్వకు వాల్వ్ అంటే ఏందో ఎర్క లేదు సార్."

"ఆమెకు లేదు. చెప్పించేటోనికి ఉంటది," అన్నాను. వాల్వ్‌కు తీగ చుట్టి సీసం సీలు వేశాను.

ఇంకో సంగతి కూడా నా అనుమానం పెంచింది. ఆ వాకిలి. ఎప్పుడు వెళ్లినా అద్దంలా ఉండేది. పేడతో నున్నగా అలికి, ఒక్క ఆకు లేకుండా ఊడ్చి, నా కోసం ఒక కుర్చీ వేసి. చుట్టుపక్కల ఏ వాకిలీ అలా లేదు. ఇంత శుభ్రం ఎందుకు, ఏం దాచడానికి అని నోటుబుక్కులో నిజంగా రాసుకున్నాను.

అనుమానం పెరిగితే తనిఖీలూ పెరుగుతాయి. మే మొదటి వారంలో మూడోసారి వెళ్లాం. గదిలోకి అడుగు పెడితే ముఖానికి వేడి కొట్టింది. జోగయ్య ఒళ్లు కాలిపోతోంది. ముత్తమ్మ గుండెల మీద తడి గుడ్డలు మార్చి మార్చి వేస్తోంది. అతను ఈసారి కళ్లు కూడా తెరవలేదు. మా జీపులోనే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాం. దారంతా ముత్తమ్మ కోయ మాటల్లో కొడుకుతో ఏదో చెబుతూనే ఉంది.

వాల్వ్ సీలు చెక్కుచెదరలేదు. సీలు బాగానే ఉంది కాబట్టి వాల్వ్ తిప్పలేదు అని ఎవరైనా అనుకుంటారు. నేను సీలు కూడా దొంగది చేయించారు అనుకున్నాను. కొడుకు ప్రాణం పోతున్నా ఈ ఆట ఆడుతున్నారే అని ఆ తల్లి మీద కోపం తెచ్చుకున్నాను. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆఫీసుకు వెళ్లి రిపోర్టు రాశాను: యంత్రాన్ని కావాలని పాడు చేస్తున్నారు, తీసేసి ఇంకో చోటికి మార్చాలి.

మా అప్పటి పెద్దసారు చదివి, "రుజువేది?" అన్నాడు. వారం రోజుల్లో తెస్తానన్నాను.

చెప్పకుండా వెళ్లిన రోజు

జోగయ్య దవాఖానా నుంచి ఇంటికి వచ్చిన నాలుగు రోజులకు, నియమం పక్కన పెట్టి, కబురు పెట్టకుండా బయల్దేరాను. జీపు గూడెం బయటే ఆపి నడిచి వెళ్లాం.

వాకిలి చూసి ముందు గుర్తుపట్టలేదు. అంతా బురద. స్నానాల తడిక వెనక నుంచి సబ్బు నీళ్లు సన్నటి కాలువలా వచ్చి, మేము తవ్వి పూడ్చిన కందకం మీదుగా పారుతున్నాయి. ఆ మట్టి మెత్తగా ఉంది కాబట్టి నీళ్లన్నీ అక్కడే ఇంకుతున్నాయి. కందకం పొడవునా తోటకూర మొలిచింది. కోళ్లు అందులో పొర్లుతున్నాయి. గదిలో చెయ్యి పెడితే చల్లగా ఉంది. జోగయ్య నిద్రపోతున్నాడు. తిరిగొచ్చే నీళ్లు ఎంత చల్లగా ఉండాలో అంత చల్లగా ఉన్నాయి. సీలు అలాగే ఉంది.

నేను ఇంకా దొంగ వాల్వ్ కోసమే వెతుకుతున్నాను. ఇంటి వెనక్కి వెళ్లి పైపు మీద తట్టి చూస్తుంటే, ముత్తమ్మ తునికాకు మోపుతో అడవి నుంచి వచ్చింది. నన్ను చూసి మోపు అక్కడే పడేసింది.

"అయ్యో సారూ! కబురన్న పెట్టకపోతిరి! గింత బురదల నిలబెడితిమి మిమ్ములను!"

గోడకు ఆనించిన పార అందుకుని పరుగున వచ్చి, నా కళ్ల ముందే కాలువకు అడ్డం కొట్టి, నీళ్లను ఇంటి వెనక్కి మళ్లించడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నవ్ ముత్తమ్మా?"

"నీళ్లు తిప్పుతున్న సారూ. ఫోనొచ్చిన్నాడే తిప్పుత ఎప్పుడైన, మీరు పోయినంక మల్ల ఇటే ఇడుస్త. మూడొద్దులు ఆరకుంటే అలుకు నిలవది గద. పెద్ద సారోళ్లొస్తే మురికి నీళ్లల్ల నడిపిస్తమా?"

నేను పార లాక్కున్నాను. ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. బూట్లతో ఆ బురదలోకి దిగి ఆమె వేసిన అడ్డం తవ్వేసి, నీళ్లు మళ్లీ కందకం మీదికి వదిలాను. ముత్తమ్మ భయపడి రెండడుగులు వెనక్కి వేసింది. యాకూబ్ నా వైపు చూడకుండా తోటకూర వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆరడుగుల లోతులో పైపు ఉంటే ఎవరి స్నానం నీళ్లతోనూ పని లేదు. అక్కడి తడి అక్కడే ఉంటుంది. నాలుగు అడుగుల్లో, తడి నిలవని ఎర్ర చెల్క మట్టిలో, ఎండాకాలంలో, యంత్రం దింపే వేడికి ఆ మట్టి మూడు రోజుల్లో బూడిదలా ఆరిపోతుంది. ఎవరూ చెప్పకుండానే ముత్తమ్మ స్నానం నీళ్లు, బట్టలుతికిన నీళ్లు నా దొంగ లెక్కను రెండు ఎండాకాలాలుగా సరిచేస్తూ వచ్చాయి. నేను కబురు పెట్టినప్పుడల్లా ఆమె ఆ నీళ్లు ఆపి, నాకు మర్యాద చేసింది.

రెండో కాగితం

నా రిపోర్టు వెనక్కి తీసుకుంటానని చెప్తే పెద్దసారు అభ్యంతరం పెట్టలేదు. లోతు సంగతి రాయడమే ఆయనకు నచ్చలేదు.

"పొరపాటు పడ్డానని ఒక లైను రాయి, అయిపోతది. నాలుగు నెలల్లో రిటైరయ్యేటోడివి. లోతు ఎందుకు తవ్వుకుంటవ్?"

ఆ ఒక్క లైను రాసి నేను రెండు రోజులు చూసుకున్నాను. ఎటు తిప్పినా నిలబడలేదు. ఆరడుగుల కింద ఉన్న పైపుకు పైన పారే స్నానం నీళ్లతో ఏం సంబంధమని ఎవరైనా అడుగుతారు. సమాధానం లేకపోతే నా మొదటి రిపోర్టే నిజమవుతుంది, యంత్రం లారీ ఎక్కుతుంది. లోతు రాయాల్సిందే. రాశాను. నాలుగు అడుగులు, ఆరు అని సంతకం నాది, ఫలానా రోజున, అన్నీ రాశాను.

దాని మీద నాకేం జరిగిందో రాయను, అది ఫైళ్ల సంగతి. యంత్రం మాత్రం అక్కడే ఉంది. తడిక దగ్గర నుంచి కందకం పొడవునా చిల్లుల పైపు వేసి, నీళ్లు లోపలికే ఇంకేలా చేశారు. కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఇంతే: అనుమానించండి. అది లేకపోతే ఈ ఉద్యోగంలో మిమ్మల్ని ఉప్మా పెట్టి పంపిస్తారు. కానీ అనుమానితుల జాబితాలో మొదటి పేరు మీదే రాసుకోండి.

ఆ పైపు వేసిన రోజు నేను మళ్లీ గూడేనికి వెళ్లాను. ముత్తమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక సూటిగానే చెప్పాను: "జోగయ్యకు జొరాలు నా వల్లనే వచ్చినయ్ ముత్తమ్మా. నేను వస్తున్నా అని కబురు పెట్టుడు వల్లనే."

"అవ్ సారూ," అంది. "నాకెర్కే."

నాకు అర్థం కాలేదు.

"మీ ఫోనొచ్చిందంటే మూడొద్దులకు మావోని ఒళ్లు కాల్తది. రెండోపాలికే నాకు సమజైంది. మీ కండ్ల దిష్టి అనుకున్న. మీ పేరు మీద కోడిని కోపిచ్చిన."

"రెండు కోళ్లు," అన్నాడు లోపల మంచం మీంచి జోగయ్య.

"మరి నాతోటి ఎందుకు చెప్పలే?"

"చెప్తే మిషన్ పట్టుకపోతరు గద," అంది.

ముప్పై మూడేళ్ల అనుభవం, గంట గంటకూ లెక్క రాసే పెట్టె, సీసం సీలు, ఇన్నీ దగ్గర పెట్టుకుని మూడు తనిఖీల్లో నేను తప్పు మనిషిని పట్టుకున్నాను. ఆమె రెండో తనిఖీకే సరైన మనిషిని పట్టుకుంది. పట్టుకుని కూడా, కొడుకు గది కోసం, ఆ మనిషికి కుర్చీ వేసి వాకిలి అలికింది.

వచ్చే ఎండాకాలం ఒకసారి వచ్చి చూసి వెళ్తానని అన్నాను. ముత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీరు మంచోళ్లే సారూ. వానలు పడ్డంక రాండ్రి, అన్నం తినిపోదురు. ఎండలల్ల మాత్రం రాకుండ్రి."

సరేనన్నాను.